అప్‌డేట్: ప్రీమియర్ ప్రోలో షార్ట్‌కట్లు మార్చుకున్నాను

వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రోలో పెళ్లి వీడియో చేస్తుంటే ప్రతి కట్‌కీ మౌస్ పట్టుకోవాల్సి వస్తోంది, షార్ట్‌కట్లు ఎక్కడ మార్చాలి అని మొన్న అడిగాను కదా, దొరికింది. విండోస్‌లో కంట్రోల్, ఆల్ట్, కె కలిపి నొక్కితే కీబోర్డు బొమ్మ తెరుచుకుంటుంది. అక్కడ 'యాడ్ ఎడిట్' (క్లిప్పును కోసే కమాండ్) అని వెతికి, దానికి ముందే ఉన్న కంట్రోల్ కె తీసేసి 'డి' పెట్టాను. ఆ కీ ముందే వేరే పనికి ఉందని హెచ్చరిక వచ్చింది. నాకు ఆ పనితో అవసరం లేదు, 'డి'నే ఉంచేశాను.

అసలు ప్రాణం లేచొచ్చింది మాత్రం క్యూ, డబ్ల్యూ కీలతోనే! ప్లేహెడ్‌కు (వీడియోలో ఇప్పుడు ఎక్కడున్నామో చూపే నిలువు గీత) ముందున్న ముక్కను క్యూ, తర్వాతి ముక్కను డబ్ల్యూ కోసేసి, ఖాళీని కూడా మూసేస్తాయి. కావలి పెళ్లిలో తలంబ్రాల క్లిప్పులన్నీ రాత్రి భోజనాల లోపే అయిపోయాయి. టైటిల్లో పేర్లు తెలుగులో కొట్టాక కీబోర్డును ఇంగ్లీషుకు మార్చుకోండి. అది మరిచిపోయి కీలు పనిచేయక చాలా టెన్షన్ పడ్డాను.

చెప్పిన అందరికీ థ్యాంక్స్ అన్నా.