సంక్రాంతి తర్వాత కైట్‌సర్ఫింగ్: రామేశ్వరమా, శ్రీలంకా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం. పండగయ్యాక పది రోజులు సెలవుంది. నాకు కైట్‌సర్ఫింగ్ (పెద్ద గాలిపటం లాగుతుంటే బోర్డు మీద నీళ్లపై జారడం) అసలు రాదు, తమ్ముడికి విండ్‌సర్ఫింగ్ (తెరచాప బిగించిన బోర్డు మీద జారడం) కొంచెం వచ్చు. ఎక్కడికెళ్తే మంచిది? కళింగపట్నంలోనే మొదలుపెట్టొచ్చా?

జవాబు 1: కళింగపట్నంలో వద్దండీ. అక్కడ అలలు ఒడ్డు మీదే విరుచుకుపడతాయి, కొత్తవాళ్లకి నడుం లోతు ప్రశాంతమైన నీళ్లు, 12 నుంచి 20 నాట్ల (గంటకు సుమారు 22 నుంచి 37 కిలోమీటర్ల) నిలకడైన గాలి కావాలి. చలికాలంలో ఈశాన్య గాలి తగిలే రామేశ్వరం వైపు వెళ్లండి, నేర్పేవాళ్లూ ఉన్నారు, చెన్నై మీదుగా రైల్లో వెళ్లొచ్చు, పాస్‌పోర్ట్ గొడవ లేదు.

జవాబు 2: పాస్‌పోర్ట్ ఉంటే నా ఓటు శ్రీలంకలోని కల్పిటియకే. మే నుంచి అక్టోబర్ దాకా అక్కడ గాలి ఇంకా గట్టిగా ఉంటుంది, కానీ డిసెంబర్ మధ్య నుంచి మార్చి మధ్య దాకా రెండో సీజన్, లగూన్‌లో (సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఉప్పునీటి సరస్సులో) నీళ్లు చదునుగా ఉంటాయి కాబట్టి పడినా భయం లేదు. వియత్నాంలోని ముయినే కూడా నవంబర్ నుంచి మార్చి వరకు బాగుంటుంది, కాకపోతే సముద్రం ఎగుడుదిగుడు, అది తమ్ముడికి సరే, మీకు కాదు.

జవాబు 3: ఎక్కడికెళ్లినా నేల మీంచి సముద్రంలోకి గాలి వీస్తుంటే, రెస్క్యూ పడవ లేకుండా దిగొద్దమ్మా, తిరిగి రాలేరు. కైట్‌ని వదిలేసే సేఫ్టీ రిలీజ్‌ని మొదటి రోజే పదిసార్లు లాగి చూడండి.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ, అయితే ముందు రామేశ్వరమే. టికెట్లు ఈ రాత్రికే చూస్తాను.