ధవళేశ్వరం దాటి పులస పైకి వెళ్లగలదా? తెలిసినవాళ్లు చెప్పండి

మాది కోనసీమ. పులస ఏటికేడు తగ్గిపోతోందని మా ఊరి వేటగాళ్లు అంటున్నారు. జులైలో గోదావరికి ఎర్రనీరు రాగానే సముద్రం నుంచి ఎదురీది వచ్చి, మంచినీటిలో గుడ్లు పెట్టే చేప ఇది. కానీ ధవళేశ్వరం బ్యారేజీ అడ్డుంది. వరద తగ్గి గేట్లు దించేశాక అది పైకి ఎక్కే దారి ఏదైనా ఉందా? చేపలు బ్యారేజీ దాటి ఎక్కేందుకు కట్టే మెట్లలాంటివి (ఫిష్ ల్యాడర్లు) అక్కడ పనిచేస్తున్నాయా?

గంగ సంగతి కొంత చదివాను. ఒకప్పుడు అలహాబాద్ దాకా వెళ్లిన ఇదే చేప, 1975లో పశ్చిమ బెంగాల్‌లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక ఎగువన దాదాపు కనబడకుండా పోయింది. ఇప్పుడు బ్యారక్‌పూర్‌లోని సిఫ్రి (కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ) వాళ్లు ఫరక్కా ఎగువన బతికున్న పులసలను వదులుతున్నారు. గోదావరిలో అలాంటి ప్రయత్నం ఎవరైనా చేశారా?

ఇంకో అనుమానం. సముద్రంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకే. పులస ఎదురీదేది ఆ తర్వాత. మరి గుడ్లతో వచ్చే చేపకు ఈ నిషేధం వల్ల ఒరిగేదేంటి? వేలు పోసి కొనేవాళ్లు ఉన్నంతకాలం వల వేయొద్దంటే ఎవరూ వినరు, అది నాకూ తెలుసు.

ఆగస్టులో కొన్ని రోజులైనా గేట్లు కాస్త ఎత్తి ఉంచమని అడగాలంటే ఇరిగేషన్ వాళ్లనా, మత్స్యశాఖనా? అర్జీ రాసిన అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.