చెవిలోనా, చెవిలోనియా?

(మాట్లాడేవాళ్లను వాళ్ల ఊరి పేర్లతోనే రాసినం.)

నల్లగొండ: పాత బండికి పవర్ స్టీరింగ్ పంపు విప్పుతున్న షెడ్డులో వినబడ్డ పాదం: 'పంపులోని గాలి చెవిలోని జోరీగ'. వేమన 'చెప్పులోని రాయి' పద్యానికి పేరడీ అని తెలుస్తూనే ఉంది. అసలు పద్యంలో చెవిలోనా, చెవిలోనియా?

జడ్చర్ల: లోన. అనుమానం లేదు.

కొల్లాపూర్: అంత ధీమా ఎందుకు సార్? లోన, లోని రెండూ గలమే (గురువు, లఘువు), ఛందస్సు తేల్చదు. సి.పి. బ్రౌను 1829లో అచ్చు వేయకముందే నోళ్లలో నలిగిన పద్యాలవి.

మిర్యాలగూడ: పేరడీలో యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జోడు కుదరడం) పోయింది, అది చూడలేదా? పంపుకు చెవి కుదరదు. 'పంపులోని గాలి బండిలో జోరీగ' అంటే ప-బ చెల్లుతది.

దేవరకొండ: నా పేచీ 'పంపులోని' మీద. గాలి పంపులో పుట్టదు. ఆయిల్ డబ్బా నుంచి పంపుకు వచ్చే సక్షన్ పైపు క్లిప్పు వదులైనా, ఓ-రింగు (రబ్బరు రింగు) ఎండినా అక్కడ గుంజుకుంటది. అది గుంజే వైపు, అందుకే బొట్టు కారకపోవచ్చు, డబ్బాలో నురగ మాత్రం కనబడతది. ఆ పైపు చూడకుండ పంపు మారిస్తే కొత్తది గూడ మూలుగుతది.

జడ్చర్ల: స్టీరింగ్ చివరిదాక తిప్పితేనే కూస్తే?

దేవరకొండ: అది ఎక్కువగ రిలీఫ్ వాల్వు (మించిన ఒత్తిడిని వదిలేది) చప్పుడే, రోగం కాకపోవచ్చు. ఐదు సెకన్లకు మించి అట్ల పట్టి ఉంచొద్దు, ఆయిల్ కాగుతది.

కొల్లాపూర్: జోరీగ సరే, మూడో పాదం చూడండి. 'ఇంటిలోని పోరు నింతింత గాదయా'. రాయి, నలుసు, ముల్లు అన్నీ చిన్నవి చెప్పి, పోరు దగ్గర కొలతే వదిలేసిండు. వేమన్నకే చెల్లు.

నల్లగొండ: పంపు ఎక్కించినంక గాలి తీసుడెట్ల?

దేవరకొండ: ముందు చక్రాలు లేపి స్టాండ్లు పెట్టాలె. ఇంజిన్ ఆపే ఉంచి, డబ్బా నింపుకుంట ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగ పదిహేను, ఇరవై సార్లు తిప్పాలె. బుడగలు ఆగినంకనే స్టార్ట్. కొత్తది పోయకముందే పాత ఆయిల్ రిటర్న్ పైపు (డబ్బాకు తిరిగొచ్చే పైపు) నుంచి మొత్తం వదలాలె, అందులోని ఇనుప పొడి కొత్త పంపును గీకుతది. బండి పుస్తకంలో రాసిన ఆయిలే పోయాలె. బ్రేక్ ఆయిల్ పోస్తే సీళ్లు ఉబ్బి పాడైతయి.

మిర్యాలగూడ: పంపు మీది పుల్లీ (బెల్టు తిరిగే చక్రం) బిగుతుదయితే పుల్లర్ అనే గుంజే పనిముట్టుతోనే తీయాలె. సుత్తె దెబ్బ షాఫ్టు మీదుగ బేరింగుకు తగుల్తది. ఎక్కించేటప్పుడు పాత లోతుకే రావాలె, లేకుంటే బెల్టు పక్కకు నడిచి అంచు తింటది.

జడ్చర్ల: ఇంతకూ 'లోన'నే.

కొల్లాపూర్: 'లోని'కి ఏం తక్కువ?

నల్లగొండ: రాగి వాషర్లు పాతవే వేయొచ్చా?

దేవరకొండ: వద్దు. ఒకసారి నలిగినవి మళ్లీ సరిగ కూర్చోవు. ప్రెషర్ పైపు కారుడు అక్కడే మొదలైతది.