సైకిల్‌కి ట్యూబ్‌లెస్ మన రోడ్లల్ల నిజంగ పనికొస్తదా, లేక షాపోళ్ళ బేరమా?

మియాపూర్_పెడల్
అన్నలూ ఒక డౌట్. నాది హైబ్రిడ్ సైకిల్, 700x35 టైర్లు (35 ఎంఎం వెడల్పు), డిస్క్ బ్రేకులు. రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలి ఆఫీసుకి, ఆదివారం పొద్దున చేవెళ్ళ దిక్కు. పోయిన నెల నుంచి వెనక టైరు పంక్చర్ అయితనే ఉంది. సర్వీసుకి ఇస్తే షాపతను నీ రిమ్ములు ట్యూబ్‌లెస్ రెడీయే, ట్యూబులు పీకేసి టైర్ల సీలెంట్ (చిల్లులు మూసే ద్రవం) పోసుకో, ఇంక జన్మల పంక్చర్ ఉండదు అన్నడు. టేపు, వాల్వులు, సీలెంట్, కూలీ కలిపి నాలుగు వేల పైనే చెప్పిండు, టైర్లు మళ్ళ వేరే. చలికాలంల 200 కిలోమీటర్ల బ్రెవే (టైం లోపల ముగించాల్సిన దూరపు రైడ్) చెయ్యాలనుంది, 13 గంటల 30 నిమిషాలల్ల ముగించాలె కదా, రోడ్డు పక్కన కూసొని టైం పోగొట్టుకునుడు ఇష్టం లేదు. మార్చాల్నా వద్దా సూటిగ చెప్పుండ్రి.

ఎర్రమట్టి_రైడర్
మార్చెయ్ బ్రో, ఇందులో ఆలోచించేదేముంది. నేను 40 టైర్లకి వేసుకుని అనంతగిరి గుట్టల్లో మట్టి దారులన్నీ తిరుగుతుంటా. సర్కారు తుమ్మ ముల్లు దిగిందా, పీకేయటం, ఆ చిల్లు కిందికి వచ్చేట్టు చక్రం తిప్పి కాసేపు ఆగటం, తెల్లగా కాస్త నురగ కక్కి మూసుకుపోద్ది, అంతే. ఇంకోటి, ట్యూబు ఉంటే గాలి తక్కువ పెట్టలేం, గుంతలో పడ్డామంటే రిమ్ముకీ టైరుకీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. అసలు ట్యూబే లేకపోతే నలిగేదేంటి? నీ 35 కి 45-50 పీఎస్ఐ పెట్టుకుని తొక్కు, మన స్పీడ్ బ్రేకర్లు సగం తెలీవు.

పాత_అట్లాస్
జన్మలో పంక్చర్ ఉండదు అన్నాడంటేనే అర్థం కావాలి బాబూ, అది మెకానిక్ మాట కాదు, కౌంటర్ మాట. సీలెంట్ అంటే రబ్బరు పాలు. గాలి తగిలితే గట్టిపడటం దాని గుణం, ఆ గుణం వల్లే చిల్లు మూస్తుంది, అదే గుణం వల్ల టైరు లోపలా ఎండిపోతుంది. డబ్బా మీద రాసే నెలలు చల్లటి దేశాల లెక్క, మా బెజవాడలో మే నెల ఎండకి బాల్కనీలో నిలబెట్టిన బండిలో రెండు నెలలు ఆగితే గొప్ప. ఎండలని బండి తియ్యరు, జూన్‌లో నాలుగు చినుకులు పడ్డాక తీస్తారు, అప్పటికి లోపల రబ్బరు తొక్క తప్ప చుక్క ఉండదు. అప్పుడు ముల్లు దిగితే ఏం చేస్తారండీ? ట్యూబే వెయ్యాలి, అదీ జిగురు చేతుల్తో. మరి ముందే ట్యూబు ఉంటే పోలా?

ఎర్రమట్టి_రైడర్
సార్, చైనుకి ఆయిల్ వెయ్యకపోయినా తుప్పు పడుద్ది, అందుకని చైను మానేస్తామా? వాల్వ్ కోర్ (వాల్వ్ లోపలి పిన్ను) విప్పి జిప్ టై (సన్న ప్లాస్టిక్ పట్టీ) లోపలికి పెట్టి చూస్తే తడి ఉందో లేదో తెలిసిపోద్ది, అర నిమిషం పని. లేకపోతే ఇంకో 40, 50 ఎంఎల్ ఆ వాల్వ్‌లోంచే పోస్తాం, టైరు విప్పక్కర్లేదు. రోజూ తొక్కే మనిషికి ఇది పెద్ద పనా? రోజూ తొక్కనోళ్ళకి వద్దనండి, ఒప్పుకుంటా.

సీమ_సైకిల్
మీరిద్దరూ కొట్టుకోండి గానీ, ఆ పిల్లోని వెనక టైరు మాటిమాటికీ ఎందుకు పోతాందో ఎవురూ అడగలేదే. తమ్ముడూ, చిల్లులు ట్యూబుకి బయటి వైపు ఉండాయా, రిమ్ము వైపు ఉండాయా? రిమ్ము వైపైతే స్పోకు బొక్కల మీద టేపు జరిగినట్టు, ముల్లుకీ దానికీ సంబంధమే లేదు. బయటి వైపైతే ఎప్పుడూ ఒకే చోట పడతాండాదా చూడు. ఒకే చోటైతే ముల్లు కాదు, టైర్లో ఏందో ఇరుక్కోని ఉంటాది. హైవేలో లారీ టైర్లు పేలిన చోట సన్న ఇనప తీగ ముక్కలు పడుంటాయి, అవి టైర్లో దిగితే బయటికి కనపడవు, నిలబెట్టినప్పుడు గాలి బాగుంటాది, నువ్వు కూచోని తొక్కితే లోపలికి పొడుచుకుంటాది. పాత లుంగీ గుడ్డ తీస్కోని టైరు లోపల చుట్టూ మెల్లగా లాగు, దారం ఎక్కడ తట్టుకుంటే అక్కడ. వేలు పెట్టి వెతకద్దు, కోసుకుంటాది. కనుబొమ్మల ప్లక్కర్‌తో పీకు.

ఇంకా ఒకటి, ఇక మీద టైరు ఎక్కించేటప్పుడు టైరు మీది కంపెనీ పేరు వాల్వ్ దగ్గరికి వచ్చేట్టు పెట్టు. ట్యూబులో చిల్లు వాల్వ్ నుంచి ఎంత దూరమో కొలిస్తే టైర్లో ఆ చోటు నేరుగా దొరుకుతాది.

మియాపూర్_పెడల్
సీమన్నా దొరికింది!! ఇప్పుడే చూసిన. వెంట్రుకంత సన్న తీగ, గోరు మందం కూడ లేదు పొడుగు, గుడ్డ తట్టుకుంటెనే తెలిసింది, చేత్తోని అయితే జన్మల దొరకకపోవు. ప్యాచులన్నీ వాల్వ్ నుంచి జానెడు దూరంల ఒక్క తాననే ఉన్నయి. షాపుల ప్రతిసారి ప్యాచ్ ఏసి పైసలు తీసుకున్నరు గని టైరు లోపల ఎవ్వరు చూడలె.

పాత_అట్లాస్
చూశారా, నాలుగు వేల జబ్బుకి లుంగీ గుడ్డ మందు 😀

ఎర్రమట్టి_రైడర్
నవ్వండి నవ్వండి. అదే తీగ ట్యూబ్‌లెస్ టైర్లో దిగితే అతనికి తెలిసేదే కాదు, సీలెంట్ దాని చుట్టూ గడ్డకట్టి మూసేసేది, నెల రోజుల గోల ఉండేది కాదు. మీరు చెప్పిన కథ నా వైపే సాక్ష్యం చెప్తోంది.

పంక్చర్_షాప్_కొడుకు
మా నాయినది హైవే పక్కన పంక్చర్ షాపు, లారీలు బైకులు ఎక్కువ, సైకిళ్ళు అప్పుడప్పుడు. మీ అసొంటోళ్ళు రంగు రంగు డ్రెస్సులేసుకొని వచ్చి ఆగుతరు కాబట్టి చెప్తున్న. బైకు ట్యూబ్‌లెస్‌కి పెట్టే జిగురు పట్టీ మా దగ్గర ఉంటది, కని అది లావు, దాన్ని పొడవాలంటే సూజ పెద్దది, సైకిల్ టైర్ల పొడిస్తే చిన్న చిల్లు పెద్దదయితది. మీ సన్న పట్టీలు, సూజ మీరే తెచ్చుకోవాలె. మీ వాల్వ్ సన్నది, మా గాలి పైపు దానికి పట్టదు, చిన్న ఇత్తడి అడాప్టర్ జేబుల పెట్టుకుంటే పడ్తది. అడాప్టర్ ఉన్నా గాలి కొట్టేటప్పుడు పక్కనే నిలబడుండ్రి, మాది లారీ కంప్రెషర్, మీ టైరుకి ఎంత పట్టాల్నో మా పోరగాండ్లకి తెల్వదు. హుక్ లేని రిమ్ములు, అంటే టైరు అంచును పట్టుకునే వంపు లేనియి, వస్తున్నయి కదా ఇప్పుడు, వాటికి 5 బార్, అంటే 72 పీఎస్ఐ, అంతకు మించొద్దు, టైరు ఊడొస్తది. రిమ్ము మీద ఏం రాసుందో చదువుకోని రండి.

ట్యూబు అయితే యాడైనా అతుకుతరు, తొట్ల ముంచుడు, బుడగలు చూసుడు, రుద్దుడు, సొల్యూషన్ పూసి ఆరినంక ప్యాచ్. మీరు చూడాల్సింది ఒక్కటే, లారీ ట్యూబును రుద్దినట్టు ఆకురాయితోని గట్టిగ రుద్దనియ్యకుండ్రి. మీ ట్యూబు పల్చన, రుద్దుడుకే చిరుగుతది. ఇనప పట్టీలతోని టైరు విప్పనిస్తే రిమ్ము మీద గీతలు పడ్తయి, ప్లాస్టిక్ లివర్లు మీవే ఇయ్యుండ్రి.

డెన్వర్_తెలుగోడు
మధ్య దారి ఒకటి ఎవరూ చెప్పట్లేదు. ఇక్కడ కొలరాడోలో సైకిల్ ట్రాక్‌ల పక్కనంతా పల్లేరు కాయలు, మనూళ్ళో చేలల్లో ఉండేదే, ఇక్కడ గోట్‌హెడ్ అంటారు. ఎటు పడినా ఒక ముల్లు పైకి ఉంటుంది. ఇక్కడ చాలామంది ఆఫీసుకెళ్ళే వాళ్ళు ట్యూబు తియ్యరు, ట్యూబులోనే సీలెంట్ పోస్తారు. వాల్వ్ కోర్ విప్పడానికి వచ్చే ట్యూబు కొనుక్కోవాలి, అంతే. సన్న ముళ్ళకి బాగానే ఆగుతుంది, గుంతలో నలిగే పంక్చర్‌కి మాత్రం ఆగదు. కొత్త రిమ్మూ వద్దు, కొత్త టైరూ వద్దు.

సీమ_సైకిల్
మా పక్క కూడా పల్లేరు కాయే పెద్ద శత్రువు అన్నా, తుమ్మ ముల్లు తరవాతే. సీలెంట్ పోసిన ట్యూబు మళ్ళా ప్యాచ్ ఎయ్యాలంటే మాత్రం నరకం, జిగురంతా కారి సొల్యూషన్ అంటుకోదు. పారేసి కొత్తది ఎయ్యాల్సిందే. అది ఒప్పుకుంటే మంచి దారే.

మియాపూర్_పెడల్
టీపీయూ ట్యూబులు అని, రబ్బరు కాకుండ పల్చటి ప్లాస్టిక్ అసొంటియి, ఆరెంజ్ కలర్‌ల వస్తున్నయి కదా, మామూలు ట్యూబు 150 గ్రాములుంటే అవి 50-60 గ్రాములే అంట. బ్రెవేకి అవి ఏసుకోవాల్నా?

ఎర్రమట్టి_రైడర్
వేసుకోవటం కంటే సీటు కింద సంచిలో స్పేర్‌గా పెట్టుకో బ్రో, మడత పెడితే గుప్పిట్లో పట్టుద్ది. రిమ్ బ్రేకుల వేడికి కొన్ని ఆగవు, నీవి డిస్కులు కాబట్టి ఆ భయం లేదు. టైరు బయట పెట్టి చెక్ చేద్దామని గాలి కొట్టకు, సాగి మళ్ళీ మామూలు సైజుకి రాదు. వాటి ప్యాచులు వేరే, మామూలు సొల్యూషన్ పట్టదు.

పాత_అట్లాస్
అంటే పంక్చర్ షాపు కుర్రాడి దగ్గర కూడా పని జరగదన్నమాట. ప్రతి కొత్త వస్తువూ రోడ్డు మీద ఒక మనిషిని తీసేస్తోంది. మీకు అది హాయిగా ఉండొచ్చు, నాకు మాత్రం పరిగి దాటాక మధ్యాహ్నం రెండింటికి ఎవడు దిక్కు అన్నదే లెక్క.

ఎర్రమట్టి_రైడర్
మనకి మనమే దిక్కు సార్, బ్రెవే అంటేనే అది కదా, దారిలో నీ బండి నువ్వే బాగుచేసుకోవాలి.

మియాపూర్_పెడల్
సరే అన్నలూ, ఇప్పటికైతే ట్యూబులే ఉంచుతున్న. ఒక మామూలు స్పేర్, ఒక టీపీయూ, ప్యాచ్ కిట్, పంపు, ఆ ఇత్తడి అడాప్టర్ తీసుకుంట. ఈ టైర్లు అరిగినంక అప్పుడు చూస్త. అప్పటిదాంక సీలెంట్ పైసలతోని పంక్చర్ కాకుండ లోపల మంచి పట్టీ ఉన్న టైరు దొరుకుతదా? ఎవరో ష్వాల్బే మారథాన్ ప్లస్ అన్నరు.

సీమ_సైకిల్
ముల్లు దిగదు, నిజమే, దాంట్లో 5 మిల్లీమీటర్ల రబ్బరు పొర ఉంటాది. కానీ బరువు తమ్ముడూ, ఆఫీసుకి సరే, 200 కిలోమీటర్లకి కాళ్ళు తిడతాయి.

ఎర్రమట్టి_రైడర్
టైర్లు కొనేటప్పుడు ట్యూబ్‌లెస్ రెడీవే కొను, వాటిలో ట్యూబ్ కూడా వేసుకోవచ్చు, తర్వాత మనసు మారితే టేపు, వాల్వులు, సీలెంట్ ఖర్చే, టైర్లు మళ్ళీ కొనక్కర్లేదు. కాకపోతే అవి రిమ్ముకి బాగా బిగుతుగా ఉంటాయి, ఇంట్లో ఫ్యాన్ కింద కూర్చుని ముందు విప్పి ఎక్కించి చూసుకో, బొటన వేళ్ళు నొప్పి పుడతాయి.

పాత_అట్లాస్
ఈ బిగుతు సంగతి మొదటి పోస్టులో చెప్పవేం నాయనా?