మందపు కాగితం మడతలో చిట్లకుండా ఉండాలంటే?

ప్రశ్న (కావలి): సంక్రాంతికి పిల్లల చేత శుభాకాంక్షల కార్డులు చేయిస్తున్నాను. 250 జీఎస్ఎం (చదరపు మీటరుకు 250 గ్రాముల బరువుండే) అట్టను సగానికి మడిస్తే మడత వెంట పైపొర చిట్లుతోంది. దానిపై అతికించిన రంగు కాగితాలూ ముడతలు పడుతున్నాయి. ఏం చేయాలో దయచేసి చెప్పగలరా?

జవాబు (ఒంగోలు): అట్టను నిలువుగా, అడ్డంగా మెల్లగా వంచి చూసి, ఎటు సులువుగా వంగితే అటే మడత వచ్చేలా కత్తిరించుకోండి, పీచు ఆ దిశలోనే ఉంటుంది. స్కేలు ఆనించి, ఇంకు అయిపోయిన బాల్ పెన్నుతో గాడి గీసిన తరువాతే మడవండి.

జవాబు (నెల్లూరు): మడతను గోటితో కాకుండా మన ఉదయగిరి చెక్క గరిటె కాడ వంటి నునుపైన దానితో రుద్దితే అంచు చక్కగా తేలుతుంది. ఇక ముడతలకు కారణం పల్చని జిగురేనండి, ఆ తడి పీల్చుకుని కాగితం సాగుతుంది. గ్లూ స్టిక్ వాడి, బరువైన పుస్తకం కింద ఆరనివ్వండి.

ప్రశ్నించినవారు: ధన్యవాదాలండి. గాడి గీసి మడిచిన కార్డు చిట్లలేదు.