అప్‌డేట్: మా బావగారి టీఈజీ రిపోర్ట్

మొన్న అడిగాను కదండీ, విజయవాడలో కోవిడ్ న్యుమోనియాతో ఐసీయూలో ఉన్న మా బావగారికి రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే పీటీ, ఏపీటీటీ టెస్టులు దాదాపు నార్మలే వచ్చినా మళ్ళీ టీఈజీ (థ్రాంబోఎలాస్టోగ్రఫీ) అని ఇంకో రక్తపరీక్ష ఎందుకు రాశారని. ముందు మంచి మాట, ఆయన్ని వార్డుకి మార్చారు, ఆక్సిజన్ కొంచెమే పెడుతున్నారు, అక్క తీసుకెళ్ళిన ఇడ్లీ కూడా తిన్నారు.

డాక్టర్ గారు కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పారు. పీటీ, ఏపీటీటీ ప్లాస్మా (రక్తకణాలు తీసేశాక మిగిలే ద్రవం) మీద చేస్తారంట, గడ్డకట్టడం మొదలవ్వగానే ఆ లెక్క అయిపోతుంది, ప్లేట్‌లెట్ల పని అందులో కనపడదు. టీఈజీలో మొత్తం రక్తాన్నే చిన్న కప్పులో వేస్తారు, కప్పు అటూ ఇటూ మెల్లగా తిరుగుతుంటే లోపలి పిన్‌ని గడ్డ ఎంత గట్టిగా పట్టుకుంటుందో మెషీన్ గ్రాఫ్ గీస్తుంది, పాలు తోడుకునేకొద్దీ చెంచా బిగుసుకున్నట్టు అనుకోండి. 1948లోనే జర్మనీలో హార్టర్ట్ అనే ఆయన చెప్పిన పద్ధతి ఇది.

బావగారికి ఎంఏ, అంటే గడ్డ గరిష్ఠ గట్టిదనం, మామూలుగా 50-70 మిల్లీమీటర్లు ఉండాల్సింది 78 వచ్చింది, ఎల్‌వై30 (ఆ తర్వాత అరగంటలో గడ్డ ఎంత కరిగిందో చెప్పే అంకె) సున్నా, అంటే గడ్డ గట్టిగా కడుతోంది కానీ కరగట్లేదు. గడ్డ కట్టడానికి కావాల్సిన ప్రోటీన్ ఫైబ్రినోజెన్ కూడా ఎక్కువే. తీవ్రమైన కోవిడ్‌లో ఇలా చాలామందికి ఉంటుందంట. అయినా ఈ ఒక్క టెస్ట్ చూసి హెపారిన్ (గడ్డకట్టకుండా ఇచ్చే బ్లడ్ థిన్నర్) పెంచలేదు, కాళ్ళకి డాప్లర్ స్కాన్ చేసి గడ్డల్లేవని చూసుకుని మామూలు డోసే ఉంచారు, అది నాకు చాలా నచ్చింది.

గుంటూరు పిన్ని డెంగ్యూలోనూ ఇంతేనా అంది. అక్కడ ప్లేట్‌లెట్లు పడిపోయి ఎంఏ తగ్గొచ్చు, కానీ రక్తస్రావం లేకుండా కౌంట్ ఒక్కటే చూసి ప్లేట్‌లెట్లు ఎక్కించుకోడానికి తొందరపడకండి, ప్లీజ్. బావగారికి ఇంటికెళ్ళాక బ్లడ్ థిన్నర్ కావాలో వద్దో డిశ్చార్జ్ అప్పుడు చెప్తామన్నారు.