వరద నీళ్లు నిలిచిన అద్దె ఇంటి మరమ్మతులకు ఎంత అప్పు చేయవచ్చు?

ప్రశ్న (అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ):
అందరికీ నమస్కారం. అద్దె రాబడి కోసమని కొన్నేళ్ల క్రితం మా పేటలో రెండు పోర్షన్ల పాత డాబా కొన్నాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు అందులో నడుము లోతు నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. నీళ్లు తీశాక హడావుడిగా లప్పం పెట్టించి, రంగులు వేయించి అద్దెకిచ్చాను గానీ, ఆరు నెలలు తిరగకుండానే గోడల అడుగున తెల్లటి ఉప్పు తేలి, రంగు పొరలు పొరలుగా ఊడిపోయింది. చెమ్మ వాసనకు పిల్లవాడికి దగ్గు తగ్గడం లేదని ఒక కుటుంబం ఖాళీ చేసింది. ఆ మాట నన్ను ఇప్పటికీ బాధిస్తోంది. వంటగదులు, టైల్సుతో కలిపి మొత్తం పనికి మేస్త్రీ 9 లక్షలు చెబుతున్నారు. ఇంటి మీద హోమ్ లోను ఇంకా నడుస్తోంది. బాగుచేస్తే రెండు పోర్షన్లకు కలిపి నెలకు 13,000 అద్దె వస్తుంది. టాప్ అప్ (ఉన్న హోమ్ లోను మీదే అదనంగా తీసుకునే అప్పు), మోర్ట్‌గేజ్ లోను (ఆస్తి తాకట్టు మీద అప్పు), బంగారం మీద అప్పు, వీటిలో ఏది మేలో పెద్దలు చెప్పగలరు.

జవాబు (బ్రాడీపేట, గుంటూరు):
ఏ అప్పు అన్నదానికంటే ఎంత అప్పు అన్నది ముందు తేల్చుకోండి. 9 లక్షలను 9 శాతం వడ్డీకి పదేళ్లకు తీసుకుంటే వాయిదా నెలకు సుమారు 11,400 అవుతుంది. ఇంటి పన్ను, మోటారు రిపేరు, మధ్యలో ఒక నెల ఖాళీ పడితే చేతికి మిగిలేది లేకపోగా, పాత లోను వాయిదా జీతంలోంచి కట్టాల్సి వస్తుంది. అదే 6 లక్షలైతే వాయిదా 7,600 దగ్గర ఆగుతుంది. డాక్యుమెంట్లు ఇప్పటికే మీ బ్యాంకులో ఉన్నాయి కనుక టాప్ అప్ సులువు. వడ్డీ కూడా సాధారణంగా మోర్ట్‌గేజ్ లోను కంటే తక్కువే ఉంటుంది. బంగారం మీద అప్పు ఏడాదిలో తీర్చగలిగిన మొత్తానికే పెట్టుకోండి.

ఆదాయపు పన్నులో, అద్దెలోంచి మీరు కట్టిన ఇంటి పన్ను పోగా మిగిలినదానిలో 30 శాతం మినహాయింపు ఉంది. ఆపైన మరమ్మతు అప్పు వడ్డీని కూడా తీసివేయవచ్చు. అయితే అద్దె కంటే వడ్డీ ఎక్కువై నష్టం తేలితే, పాత పన్ను విధానంలో దానిని ఏడాదికి 2 లక్షల వరకే జీతంలో సర్దుకోవచ్చు. కొత్త విధానంలో ఆ వీలు కూడా లేదు. టాప్ అప్ సొమ్ము ఇంటికే ఖర్చయిందని చూపే బిల్లులు, చెల్లింపుల రుజువులు దాచుకోండి.

జవాబు (సివిల్ ఇంజనీరు, పటమట):
టైల్సు, వంటగది అలమారాలు ఆగగలవు, చెమ్మ ఆగదు. ఉప్పు తేలిన గీతకు పైన మరో అడుగున్నర వరకు పాత ప్లాస్టరింగు చెక్కించి తీయించి, ఇటుకల సందుల్లోని ఉప్పును వైరు బ్రష్షుతో గీకించి, ఎండాకాలమంతా గోడను అలాగే వదిలేయండి. తరువాత ఒక పాలిథీన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి రెండు రోజులు ఉంచండి. లోపలి వైపున నీటి బొట్లు కనిపిస్తే గోడ ఇంకా ఆరలేదని అర్థం. అలాంటి గోడకు ఎంత ఖరీదైన రంగు వేసినా వృథాయే. ప్రాణాలకు సంబంధించినది కనుక కరెంటు పనిలో మాత్రం పొదుపు చేయవద్దు: మునిగిన వైరింగు మొత్తం మార్పించి, ప్లగ్గులను వరద గీతకు పైకి జరిపించి, ఎర్తింగు సరిచూసి, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) పెట్టించండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మొన్న సాయంత్రం వెనక పోర్షన్ గోడకు పాలిథీన్ అంటించాను. ఈ ఉదయం చూస్తే లోపల బొట్లు వరుసకట్టి ఉన్నాయి. రంగుల పనివారిని రావద్దని చెప్పాను. చెమ్మ, కరెంటు, పైపుల పనికి మాత్రమే విడిగా లెక్క వేయమని మేస్త్రీని అడిగాను. ఆ అంకె చేతికి వచ్చాకే బ్యాంకుకు వెళతాను.